మురుగునీటి వాయువుల పద్దులో ఒక సున్న

వాతావరణమును వేడెక్కించు వాయువులు తన భూభాగమునుండి ఏటేట ఎంత వెలువడుచున్నవో ప్రతి దేశమును లెక్క కట్టి ఐక్యరాజ్యసమితికి సమర్పింపవలసి యున్నది. ఈ లెక్కను ఎవరికి తోచినట్లు వారు వ్రాసినచో ఒక దేశపు పద్దును మరియొక దేశపు పద్దుతో పోల్చుటకు వీలుండదు. కావున ఐ.పి.సి.సి. అను అంతర్ ప్రభుత్వ సంఘము 2006 లో ఒక మార్గదర్శక గ్రంథమును ప్రకటించి, 2019 లో దానిని సవరించినది. ఈ గ్రంథమున ఐదవ సంపుటము వ్యర్థ పదార్థములకు సంబంధించినది. అందు ఆరవ అధ్యాయము మురుగునీటిని గూర్చినది. ఆ అధ్యాయపు గుణదోషములను పరిశీలించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

పట్టికలతోను గుణకములతోను నిండిన ఇట్టి అధ్యాయమును విమర్శించుట వలన సామాన్య పాఠకునకు ఏమి ప్రయోజనమని కొందరడుగవచ్చును. ప్రయోజనము కలదు. ఏ పట్టణమున భూగర్భ మురుగు కాలువలు వేయవలెను, ఎక్కడ శుద్ధి కేంద్రము కట్టవలెను, ఏ పద్ధతిలో కట్టవలెను అను నిర్ణయములకు ఇప్పుడు ఇట్టి లెక్కలును ఆధారములగుచున్నవి. లెక్కలో లోపమున్నచో ధనము తప్పుదారిని పోవును. మన దేశము సమర్పించిన నివేదిక ప్రకారము 2020 లో మన వాయువులలో వ్యర్థ పదార్థముల వంతు 2.56 శాతము. ఇది స్వల్పమే కదా అని తోచవచ్చును. కాని ఈ 2.56 శాతమును కొలతల వలన తేలినది కాదు. చాలవరకు ఈ గ్రంథములోని గుణకముల వలననే వచ్చినది. గుణకము మారినచో శాతమును మారును.

మురుగునీటినుండి ఏ వాయువులు వచ్చును?

మురుగునీటిలో మలమూత్రములు, ఆహారపు శేషములు, సబ్బులు మొదలైన సేంద్రియ పదార్థములుండును. వీనిని సూక్ష్మజీవులు తినివేయును. నీటిలో ఆమ్లజని సమృద్ధిగా నున్నప్పుడు కర్బనము బొగ్గుపులుసు వాయువుగా మారును. ఆమ్లజని లేని తావులలో వేరు జాతి సూక్ష్మజీవులు పనిచేసి మీథేనును పుట్టించును. మలమూత్రములలోని నత్రజనిని సూక్ష్మజీవులు ఒక రూపమునుండి మరియొక రూపమునకు మార్చునప్పుడు కొంత నైట్రస్ ఆక్సైడుగా తప్పించుకొని పోవును. నూరు సంవత్సరముల కాలమును తీసికొని చూచినచో, ఒక కిలోగ్రాము మీథేను సుమారు 28 కిలోగ్రాముల బొగ్గుపులుసు వాయువుతోను, ఒక కిలోగ్రాము నైట్రస్ ఆక్సైడు 273 కిలోగ్రాముల బొగ్గుపులుసు వాయువుతోను సమానముగా భూమిని వేడెక్కించును.

ఇందు బొగ్గుపులుసు వాయువును పద్దులో చేర్చనక్కరలేదని గ్రంథము చెప్పుచున్నది. మనము తిను అన్నములోని కర్బనము నిన్నమొన్న వరిమొక్క గాలినుండి గ్రహించినదే. అది మరల గాలిలో కలిసినచో నష్టము లేదు. ఈ తర్కము సరియైనదే గాని సంపూర్ణము కాదు. సబ్బుపొడులు, షాంపూలు, మందులు మొదలైన వానిలో పెట్రోలియమునుండి వచ్చిన కర్బనమును కలదు. ఆస్ట్రేలియాలో జరిపి 2013 లో ప్రకటించిన పరిశోధనలో శుద్ధి కేంద్రములకు వచ్చు మురుగునీటి సేంద్రియ కర్బనములో 4 మొదలు 14 శాతము వరకు ఇట్టి ప్రాచీన కర్బనమే యని తేలినది. అయినను ఇది చిన్న లోపము. పెద్ద లోపములు ముందున్నవి.

లెక్క కట్టు విధానము

మీథేనును లెక్కించు సూత్రము సులభమైనది. మురుగునీటిలోని సేంద్రియ పదార్థమును బి.ఓ.డి. అను కొలతతో తెలుపుదురు. దానిని కుళ్ళించుటకు సూక్ష్మజీవులకు కావలసిన ఆమ్లజని యెంతయో ఈ సంఖ్య చెప్పును. ఒక కిలోగ్రాము బి.ఓ.డి. నుండి అత్యధికముగా 0.6 కిలోగ్రాముల మీథేను పుట్టవచ్చును. వాస్తవముగా ఎంత పుట్టునది ఆ నీరు ఎక్కడికి పోవుచున్నదను దానిపై నుండును. కావున ప్రతి మార్గమునకును సున్న మొదలు ఒకటి వరకు ఒక సవరణ గుణకము నిచ్చిరి.

2006 నాటి పట్టికలో సెప్టిక్ ట్యాంకునకు 0.5, ఆమ్లజని లేకుండ పనిచేయు శుద్ధి కేంద్రమునకు 0.8, గాలి నెక్కించి చక్కగా నడుపబడు శుద్ధి కేంద్రమునకు 0, శుద్ధి లేకుండ నదిలోనికిగాని సముద్రములోనికిగాని వదలిన నీటికి 0.1, నిలిచిపోయిన మురుగు కాలువకు 0.5, పారుచున్న మురుగు కాలువకు (తెరచినదైనను మూసినదైనను) 0 అని కలదు.

ఒక ఉదాహరణము తీసికొందము. భారతదేశమున మనిషి యొక్కనికి రోజునకు 34 గ్రాముల బి.ఓ.డి. అని గ్రంథమే చెప్పుచున్నది. సంవత్సరమునకు 12.4 కిలోగ్రాములగును. దీనిని 0.6 చేత హెచ్చించినచో అత్యధిక మీథేను 7.4 కిలోగ్రాములు. ఆ మనిషి యింట సెప్టిక్ ట్యాంకున్నచో దానిలో సగము, అనగా 3.7 కిలోగ్రాములు. ఆ యింటిని భూగర్భ మురుగు కాలువకు కలిపి, ఆ కాలువను శుద్ధి లేకుండ నదిలోనికి వదలినచో 0.74 కిలోగ్రాములు మాత్రమే.

ఈ చివరి మాటను పాఠకులు కొంచెము నిలిచి ఆలోచింపవలెను. ఒక ఊరివారు తమ సెప్టిక్ ట్యాంకులను పూడ్చివేసి, గొట్టములు వేసి, మలినమంతయు తెచ్చి నదిలో కలిపినారనుకొందము. నది చెడిపోయినది. దిగువనున్న పల్లెల నీరు చెడిపోయినది. కాని పద్దులో మాత్రము ఆ ఊరి మీథేను ఐదింట ఒక వంతునకు తగ్గినట్లు కనబడును! ఇది ఊహ మాత్రమే కాదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021 లో ప్రకటించిన వివరముల ప్రకారము మన పట్టణములలో రోజునకు 72,368 మిలియన్ లీటర్ల మురుగునీరు పుట్టుచుండగా, వాస్తవముగా శుద్ధి యగుచున్నది 20,235 మిలియన్ లీటర్లు మాత్రమే. అనగా నూటికి 28 వంతులు. మిగిలిన 72 వంతులకు వర్తించు గుణకములు సరియైనవి కానిచో మన పద్దులో అధికభాగము అనుమానాస్పదమగును.

సున్న ఎట్లు వచ్చినది?

ఈ చిక్కునకు మూలము పారుచున్న మురుగు కాలువకు వేసిన సున్న. నీరు వేగముగా పారుచుండగా మీథేను పుట్టుటకు వ్యవధి యుండదని గ్రంథకర్తల భావము. తెరచిన కాలువలో పలుచగా పారు నీటి విషయమున ఇది కొంతవరకు నిజము. కాని నేటి నగరములలో మురుగునీరు అంతయు పల్లమును బట్టి పారదు. పల్లపు ప్రాంతములనుండి పంపుల ఒత్తిడితో ఎత్తునకు త్రోయుదురు. ఆ గొట్టములు అంచుల వరకు నిండి యుండును. వానిలో గాలికి చోటు లేదు. పంపు ఆగినప్పుడెల్ల నీరు అందులో గంటల తరబడి నిలిచి యుండును.

అట్టి గొట్టపు లోపలి గోడకు జిగట పొర యొకటి పట్టును. ఈ పొర సూక్ష్మజీవుల నివాసము. నీటి వైపున నున్న భాగమున గంధకితములను హైడ్రోజన్ సల్ఫైడుగా మార్చు జీవులు, లోతున మీథేనును పుట్టించు జీవులు కాపురముండును. హైడ్రోజన్ సల్ఫైడును ఇంజనీర్లు చిరకాలమునుండి ఎరుగుదురు. అది దుర్వాసన కలది. కాలువ పైకప్పున గంధకామ్లముగా మారి కాంక్రీటును తినివేయును. కావున దానిని కొలిచిరి, నివారణోపాయములు వెదకిరి. పక్కనే పుట్టు మీథేనునకు వాసన లేదు. అది గొట్టమును తినదు. అందుచేత దానిని చాలకాలము ఎవరును పట్టించుకొనలేదు.

ఆస్ట్రేలియాలోని గోల్డుకోస్టు నగరమున క్వీన్స్‌లాండు విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ఇట్టి ఒత్తిడి గొట్టములలోని నీటిని పరీక్షించి, అందు మీథేను గణనీయముగా కరగి యున్నదని 2008 లో ప్రకటించిరి. నీరు గొట్టములో ఎంత సేపు ఉండునో, నీటి పరిమాణమునకు గోడ వైశాల్యము ఎంత యెక్కువయో, మీథేను అంత యెక్కువయని తేలినది. ఈ కరగిన వాయువు గొట్టములో నున్నంతవరకు బయటపడదు. పంపింగు కేంద్రపు తొట్టిలోగాని, మాన్‌హోలులోగాని, శుద్ధి కేంద్రపు ముఖద్వారముననో నీరు ఎగిరి పడినప్పుడు ఒక్కసారిగా గాలిలో కలియును. శుద్ధి కేంద్రములో గాలి నెక్కించు యంత్రములు మిగిలినదానిని గూడ తరిమివేయును. కేంద్రపు అధికారి తన తొట్టిలో మీథేను పుట్టలేదని చెప్పును, అది నిజమే. కాలువ అధికారి తన కాలువనుండి ఏమియు రాలేదని చెప్పును, అదియు నిజమువలెనే కనబడును. వాయువు మాత్రము ఆకాశమును చేరినది.

ఇంత తెలిసిన పిమ్మటను, 2019 నాటి సవరణలో పారుచున్న కాలువ గుణకము సున్నగానే నిలిచిపోయినది. ప్రపంచమంతటికి వర్తించు సంఖ్య నిచ్చుటకు చాలినన్ని కొలతలు లేవని సమాధానము చెప్పవచ్చును. ఈ సమాధానమును తోసివేయలేము. కాని కొలతలు చాలనప్పుడు వ్రాయవలసినది సున్న కాదు. సున్న యనగా "లేదు" అని అర్థము. "తెలియదు" అని కాదు. విద్యార్థి ప్రయోగము చేయకుండ ఫలితపు గడిలో సున్న వేసినచో ఏ ఉపాధ్యాయుడును ఒప్పుకొనడు.

పైగా "పారుచున్నది", "నిలిచినది" అను విభజనయే మన పట్టణములకు అతకదు. వర్షాకాలమున పొంగి పారు నాలాయే వేసవిలో చెత్తతోను ప్లాస్టిక్కుతోను అడ్డుపడి బుడగలు లేచుచు నిలిచియుండును. దానికి సున్న వేయవలెనా, 0.5 వేయవలెనా? గ్రంథము చెప్పదు. లెక్క వ్రాయువాని అభిప్రాయమే ప్రమాణమగును. సున్నకును సగమునకును నడుమ ఏ మెట్టును లేదు.

మన దేశమున ఈ సున్నకు మరియొక సాక్ష్యమును కలదు; అది వ్రాయుటకు బాధాకరమైనది. మురుగు కాలువలలో దిగి పారిశుధ్య కార్మికులు విషవాయువులకు బలియగుచున్నారు. వారిని అట్లు దింపరాదని 2013 లో చట్టము వచ్చినది. మృతుల కుటుంబములకు పది లక్షల రూపాయలీయవలెనని 2014 లోను, ఆ మొత్తమును ముప్పది లక్షలకు పెంచుచు 2023 లోను సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఆ మరణములకు ముఖ్య కారణము హైడ్రోజన్ సల్ఫైడు, ఆమ్లజని కొరత. మీథేనును ఆమ్లజనిని తొలగించి, ఒక్కొక్కప్పుడు మంటలకు కారణమగుచున్నది. కాలువలో వాయువు లేదని పట్టిక చెప్పుచుండగా, మూత తీసిన పిమ్మట వాయువును పరీక్షింపకుండ ఎవరును దిగరాదని భద్రతా నియమములు చెప్పుచున్నవి. ఈ రెండును ఒకే కాలువను గూర్చి చెప్పిన మాటలే.

నైట్రస్ ఆక్సైడు కథ

ఒకే ఒక చోటి కొలతను లోకమంతటికి అన్వయించుట వలన ఎట్టి పొరపాటు కలుగునో నైట్రస్ ఆక్సైడు చరిత్ర చూపుచున్నది. 2006 నాటి గ్రంథము ప్రకారము శుద్ధి కేంద్రమునుండి మనిషి యొక్కనికి సంవత్సరమునకు 3.2 గ్రాముల నైట్రస్ ఆక్సైడు వెలువడును. ఈ సంఖ్యకు ఆధారము అమెరికాలోని న్యూహాంప్‌షైరు రాష్ట్రమున డరహాము అను చిన్న పట్టణపు కేంద్రమున జరిపి 1995 లో ప్రకటించిన పరిశీలన. ఆ శాస్త్రజ్ఞులు తాము చూచినది నిజాయితీగా చెప్పిరి. దోషము వారిది కాదు; దానిని అన్ని దేశములకు కొలబద్దగా చేసినవారిది.

తరువాత అనేక కేంద్రములలో దీర్ఘకాలము కొలిచి చూచిరి. నెదర్లాండ్సులో రోటర్‌డాము వద్ద నున్న క్రాలింగ్‌సేవీర్ కేంద్రమున వచ్చిన నత్రజనిలో 2.8 శాతము నైట్రస్ ఆక్సైడుగా పోవుచున్నదని తేలినది. ఫిన్లాండు రాజధాని హెల్సింకిలో వీకిన్మాకి కేంద్రము బండలో తొలిచిన గుహలో నున్నది. దాని గాలి యంతయు ఒకే పొగగొట్టమున బయటికి పోవును గనుక కొలుచుటకు మిక్కిలి అనుకూలము. అక్కడ 1.9 శాతమని తేలినది. ఇట్టి ఫలితములను చూచి 2019 లో గుణకమును 1.6 శాతముగా సవరించిరి.

ఈ మార్పు ఎంతటిదో లెక్కింతము. రోజునకు 60 గ్రాముల మాంసకృత్తులు తిను మనిషిని తీసికొన్నచో, అందు 16 శాతము నత్రజని గనుక సంవత్సరమునకు 3.5 కిలోగ్రాముల నత్రజని యగును. అందు 1.6 శాతము నైట్రస్ ఆక్సైడుగా మారినచో ఆ వాయువు బరువు సుమారు 88 గ్రాములు. పాత లెక్క 3.2 గ్రాములు; క్రొత్త లెక్క 88 గ్రాములు. అనగా 27 రెట్లు! శుద్ధి కేంద్రము ఒక రాత్రిలో మారలేదు, మారినది పుస్తకము. నేడు సున్నగా నున్న కాలువ గుణకమునకును రేపు ఇట్టి గతి పట్టదని చెప్పుటకు ఆధారము లేదు.

క్రొత్త గుణకమునకును హద్దులు చాల వెడల్పు. గ్రంథమే 0.016 శాతము మొదలు 4.5 శాతము వరకు ఉండవచ్చునని చెప్పుచున్నది. రెండు కొసలకు నడుమ 280 రెట్ల భేదము. కేంద్రమును నడుపు తీరును బట్టి, ఋతువును బట్టి ఈ వాయువు హెచ్చును, తగ్గును. ఒకనాడు వెళ్ళి ఒక సీసాడు గాలి పట్టి తెచ్చినంత మాత్రమున తేలు విషయము కాదిది.

హైదరాబాదు ఉదాహరణము

మూసీనదిని శుభ్రపరచు పథకము క్రింద హైదరాబాదున అంబర్‌పేట వద్ద రోజునకు 339 మిలియన్ లీటర్ల సామర్థ్యముతో శుద్ధి కేంద్రము నిర్మింపబడినది. ఇది యు.ఎ.ఎస్.బి. అను పద్ధతి. మురుగునీరు అడుగునుండి మడ్డి పొర గుండ పైకి పోవును. గాలి నెక్కించు యంత్రములతో పని లేదు గనుక విద్యుత్తు ఆదా యగును. మీథేనును పట్టి వాడుకొనవచ్చును. వెచ్చని దేశములకు తగిన పద్ధతియని దీనికి పేరు.

కాని పుట్టిన మీథేను అంతయు పైనున్న గోపురమును చేరదు. ఈ దేశపు ఉష్ణోగ్రతలలో లీటరు నీటిలో సుమారు 15 మిల్లీగ్రాముల మీథేను కరగి యుండగలదు. మన పలుచని మురుగునీటిలో ఇది పుట్టినదానిలో మూడవ వంతు వరకు ఉండవచ్చును. 339 మిలియన్ లీటర్లకు లెక్కించినచో రోజునకు 5 టన్నులు. బొగ్గుపులుసు వాయువుగా చెప్పినచో 140 టన్నులు. ఇది కేంద్రము నిండుగా నడిచినప్పుడు ఎంత పోవచ్చునో చూపుటకు వేసిన అంచనాయే గాని కొలత కాదు. గ్రంథపు పట్టిక ఇక్కడ 0.8 గుణకము వేసి, పట్టుకొనిన మీథేనును మీటరుతో కొలిచి తీసివేయుమని చెప్పుచున్నది. అట్లు చేసినచో నీటితో పోయినదియు పద్దులో నిలుచును. మీటరు లేక, రావలసినంత వాయువు వచ్చినదనుకొని తీసివేసినచో ఆ 5 టన్నులును పద్దునుండి మాయమగును. ఇక్కడ దోషము సూత్రమునది కాదు, ఆచరణది.

2021 తరువాత హైదరాబాదున చేపట్టిన క్రొత్త కేంద్రములు ఎక్కువగా ఎస్.బి.ఆర్. పద్ధతివి. వీనిలో గాలి నెక్కింతురు. మీథేను తగ్గును, కాని నత్రజనిని మార్చు క్రియ నడచును గనుక నైట్రస్ ఆక్సైడును పరిశీలింపవలసి వచ్చును. ఏ పద్ధతి మేలైనదో చెప్పుటకు రెండు వాయువులను కొలువక తప్పదు. క్రాలింగ్‌సేవీరులో తప్పించుకొని పోయిన మీథేను వలన కలుగు హాని, అక్కడ మీథేనును ఇంధనముగా వాడి తప్పించిన హానికంటె ఎక్కువయని 2012 లో తేలిన సంగతి ఇక్కడ స్మరింపదగినది.

గుణములు, చేయవలసిన పనులు

ఇంత విమర్శించినను, ఈ అధ్యాయము నిరుపయోగమని చెప్పుట అన్యాయము. కొలత పరికరములు లేని బీదదేశము గూడ జనాభా లెక్కలతో ఒక అంచనాకు రాగలుగుట దీని చలవయే. ప్రతి సంఖ్యకును హద్దులు చూపినది. స్వంత కొలతలున్న దేశము తన గుణకములనే వాడవచ్చునని, అదియే ఉత్తమమని స్పష్టముగా చెప్పినది. గాలి నెక్కించు కేంద్రమునకు 2006 లో వేసిన సున్నను 2019 లో 0.03 గా దిద్దినది. తన తప్పును దిద్దుకొను గ్రంథము గౌరవింపదగినది. ఆ దిద్దుబాటు చాలదనుటకు అమెరికా అనుభవము చాలును: అక్కడ 63 కేంద్రముల చుట్టు పరికరములమర్చిన వాహనముతో తిరిగి కొలిచి, ప్రభుత్వపు పద్దుకంటె మీథేను 1.9 రెట్లున్నదని 2023 లో ప్రకటించిరి.

కావున మనము పుస్తకమును నిందించి ఊరకుండరాదు. అది అడుగుచున్న స్వంత కొలతలను మనము సంపాదింపవలెను. అందు మొదటిది చాల సులభము. శుద్ధి కేంద్రమునకు వచ్చు మురుగునీటిని సీసాలో పట్టి, జీవక్రియ ఆగునట్లు రసాయనము చేర్చి, మూత బిగించి, కుదిపి, పైనున్న గాలిలోని మీథేనును గ్యాస్ క్రోమటోగ్రాఫుతో కొలువవచ్చును. ఆ పరికరమున్న ఏ కళాశాలలోనైనను ఎం.ఎస్‌సి. విద్యార్థులు చేయదగిన పని యిది. వేసవిలోను, వానలలోను, చలికాలమునను, పగలును రాత్రియు చేసినచో, ఆ ఊరి కాలువలకు సున్న తగునో తగదో తేలిపోవును. రెండవది, యు.ఎ.ఎస్.బి. కేంద్రములలో పట్టిన వాయువునకు మీటరును, ఆ మీటరు పుస్తకమును ప్రజలు చూచు వీలును ఉండవలెను. మూడవది, ఏ నాలాను "పారుచున్నది" అని, ఏ నాలాను "నిలిచినది" అని వ్రాసిరో, ఏ ఆధారముతో వ్రాసిరో పద్దుతో పాటు ప్రకటింపవలెను. నాలుగవది, కాలువలో మీథేనుగా మారిన కర్బనము మరల శుద్ధి కేంద్రమున లెక్కకు రాకుండ చూడవలెను. లేనిచో తక్కువ చూపుటకు బదులు ఎక్కువ చూపిన దోషము వచ్చును.

ఇవి జరుగు వరకైనను ఒక చిన్న మర్యాద పాటింపవచ్చును. కాలువకు ఎదురుగా నున్న గడిలో సున్న వేయుటకు మారుగా "కొలువలేదు" అని వ్రాయవలెను. ఆ మాట చదివిన వాడెవడైన ఒకడు సీసా పట్టుకొని కాలువ యొద్దకు పోవును. సున్నను చూచినవాడు పోడు.